ఆ ఇంటికి పెద్దదిక్కెవరు?

"రఘుపతినాయుడు కన్నకొడుకును తెచ్చి ఊరికిచ్చినాడు కదప్పా, ఆ పొద్దు ఆయప్పలో గెలిచింది తండ్రా, ఊరిపెద్దా?" కొత్తచెరువు కూడలిలో టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ధర్మవరం బస్సు వచ్చి పోతుంది, పుట్టపర్తి బస్సు వచ్చి పోతుంది, మాట తెగదు. మగ్గం మీద నుంచి లేచి వచ్చినాయన ఒకటంటాడు, శెనక్కాయల మూటలు దింపి వచ్చిన కుర్రాడు ఇంకొకటంటాడు. "నరసింహనాయుడు" విడుదలై పాతికేళ్ళవుతోంది. 2001 సంక్రాంతికి వచ్చిన సినిమా. పక్కనే "మృగరాజు", "దేవీపుత్రుడు" ఉన్నా జనం దీనికే ఓటేశారు. ఆ వసూళ్ళ లెక్కలు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఆ ఇంటి లెక్కలు కావాలి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరి మాటకు ఎవరు లేచి నిలబడ్డారు, ఎవరు ఎవరికి అన్నం పెట్టారు, ఎవరు పెట్టలేదు.

నేను నమ్మి చెబుతున్నాను. తెలుగులో ఫ్యాక్షన్ సినిమాను సరిగ్గా చదివినవాళ్ళు మా పెనుకొండ, ధర్మవరం, హిందూపురం పల్లెల్లోని ప్రేక్షకులే. పత్రికల్లో రాసేవాళ్ళు గాల్లోకి లేచిన సుమోలు లెక్కపెట్టి, తెగిన చేతులు లెక్కపెట్టి, రాయలసీమ పరువు తీశారని ఒక వాక్యం రాసి ఊరుకున్నారు. మావాళ్ళు మాత్రం ప్రతి సినిమాలోనూ ఒక ఇంటిని చూశారు. ఆ ఇల్లు నిలబడితే సినిమా నిలబడింది. ఇల్లు లేని సినిమాలో ఎన్ని బాంబులు పేలినా మూడో రోజుకు హాలు ఖాళీ.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1997లో జయంత్ సి. పరాన్జీ తీసిన "ప్రేమించుకుందాం రా"తో ఈ ధార మొదలైందంటారు. అది ప్రేమకథే. కానీ హీరోయిన్ తండ్రిగా వీరభద్రయ్య వేషంలో జయప్రకాశ్ రెడ్డి గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి తెలుగు తెరకు కొత్త మనిషి పరిచయమయ్యాడు. 1999 జనవరి 13న "సమరసింహారెడ్డి" వచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్ళు తెలుగు సినిమా అంటే తెల్లచొక్కా, తెల్లపంచె, వరుసగా పోయే బండ్లు. టాటా సుమో మార్కెట్లోకి వచ్చింది 1994లో. ఆ కంపెనీవాళ్ళు ఊహించని ప్రచారాన్ని మన దర్శకులు చేసిపెట్టారు. చరిత్ర ఇంతే చాలు. పనితనం దగ్గరికి వద్దాం.

బి. గోపాల్ పనితనం చూడండి. ప్రకాశం జిల్లా మనిషి. బాలకృష్ణతో, అదే మా బాలయ్యతో, అప్పటికే "లారీ డ్రైవర్", "రౌడీ ఇన్‌స్పెక్టర్" తీసి మాస్ నాడి పట్టినవాడు. "సమరసింహారెడ్డి"లో ఆయనకు విజయేంద్రప్రసాద్ కథ దొరికింది, పరుచూరి సోదరుల కలం దొరికింది, మణిశర్మ సంగీతం దొరికింది. ఇంత సరంజామా ఉన్నవాడు హీరోను ముందు ఎలా చూపించాలి? సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టి చూపించాలి. ఆయన ఆ పని చేయలేదు. అబ్బులు అనే పేరుతో, హోటల్లో పనివాడిగా, పరాయి ఇంటి ఆడపిల్లల బరువు నెత్తిన వేసుకున్న మనిషిగా చూపించాడు. తన చేతి మీదుగా జరిగిన తప్పుకు ఆ ఇంటికి ఊడిగం చేస్తున్నాడన్న సంగతి మనకు తర్వాతగానీ తెలియదు. అసలు పేరు బయటపడేదాకా మనం చూసేది ఒక అన్నను. ఆ పేరు బయటపడ్డాక లేచిన ఈలలకు బలం ఎక్కడిది? అంతకు ముందు ఆ ఆడపిల్లల ముందు వంగిన నడుము నుంచి వచ్చింది. ఈ రహస్యం తెలియని దర్శకులు ఆ తర్వాత హీరోను మొదటి రీల్లోనే నిటారుగా నిలబెట్టారు. మొదటే నిటారుగా ఉన్నవాడు ఇంకెక్కడికి లేస్తాడు?

ఇదే పద్ధతి "నరసింహనాయుడు"లో ఇంకా లోతుగా పండింది. చిన్నికృష్ణ కథ. ఊరిని కాపాడుకోవాలంటే ఇంటికొక మగపిల్లవాణ్ణి ఊరికి అప్పగించాలన్న నియమం. ఆ నియమం పెట్టిన పెద్ద తన ఇంటి నుంచే మొదలుపెట్టాలి. ఆ పెద్దమనిషి రఘుపతినాయుడుగా కె. విశ్వనాథ్‌ను తెచ్చారు చూడండి, అక్కడే సగం సినిమా గెలిచింది. "శంకరాభరణం" తీసిన మనిషి ముఖం. ఆ ముఖం మీద క్రౌర్యం వెతికినా దొరకదు. అంత శాంతమైన తండ్రి అంత కఠినమైన మాట చెప్పాడు కాబట్టే ఈరోజుకీ వాదన తెగలేదు. మిగతా కొడుకులు తమ బతుకులు తాము చూసుకుంటే ఇతను ఊరి కోసం కత్తి పట్టాడు. మళ్ళీ అదే మనిషిని సినిమా మొదట్లో డాన్స్ మాస్టారుగా, తల్లిలేని పిల్లవాణ్ణి సాకుతున్న తండ్రిగా చూస్తాం. తండ్రి తనను ఊరికిచ్చేశాడు, తాను మాత్రం తన కొడుకును గుండెల మీద పెట్టుకున్నాడు. ఈ రెండు తండ్రితనాలను పక్కపక్కన పెట్టి చూసిన పెద్దాయన ఒకరు ధర్మవరంలో ఉన్నారు. పట్టుచీర అంచు నేసే చెయ్యి ఆయనది. "ఆ నాయన ఇచ్చినందుకే ఈ నాయన ఇయ్యలేకపోయినాడు" అని ఒక్క మాటలో తేల్చారు. ఇంతకంటే మంచి సమీక్ష నేను ఎక్కడా చదవలేదు. ఆ ఏడు బాలకృష్ణకు ఉత్తమ నటుడిగా నంది వచ్చింది. తొడ కొట్టినందుకు వచ్చిందని ఎకసెక్కాలాడినవాళ్ళు ఆ పిల్లవాడితో ఉన్న సన్నివేశాలు మళ్ళీ చూడాలి.

నా పక్షం దాచుకోను. మాది హిందూపురం పక్క. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్‌ను మూడుసార్లు గెలిపించిన నియోజకవర్గం. 1989లో కల్వకుర్తిలో ఆయన ఓడిపోయిన రోజున కూడా హిందూపురం చెయ్యి వదల్లేదు. 2014 నుంచి ఆయన కొడుకు బాలయ్యను మూడుసార్లు గెలిపించింది. కాబట్టి బాలయ్య సినిమాను నేను ఇంటి మనిషి సినిమాగానే చూస్తాను. అయినా "ఇంద్ర" విషయంలో తల వంచి ఒప్పుకోవలసిన చోట ఒప్పుకుంటాను. కొత్తచెరువులో చిరంజీవి అభిమానులు ఈ మాట నా నోటి నుంచి ఎన్నో ఏళ్ళుగా లాగుతూనే ఉన్నారు. 2002 జులై 24న వచ్చిన ఆ సినిమాలో తనికెళ్ళ భరణి చేసిన వాల్మీకి పాత్ర ఫ్యాక్షన్ సినిమాలన్నిటికీ పాఠం. సినిమా పొడవునా నోరు విప్పని మనిషి. కాశీలో శంకర్ నారాయణ పేరుతో తలదాచుకున్న ఇంద్రసేనారెడ్డి వెంట నీడలా ఉంటాడు. ఆ మనిషి నోరు విప్పిన క్షణంలో మనకు కథ తెలియడం ఒక ఎత్తు, ఇన్నేళ్ళ మౌనం ఎంత బరువైందో తెలియడం ఒక ఎత్తు. సీమకు నీళ్ళ కోసం ఊరినీ ఆస్తినీ వదిలి వెళ్ళిన మనిషి గొప్పతనాన్ని ఆ మనిషే చెప్పుకుంటే గొప్పలవుతుంది. పక్కవాడు చెప్పాలి. అది కూడా జీవితంలో ఆ ఒక్కసారే మాట్లాడేవాడు చెప్పాలి. భరణి నటన సంగతి సరే, ఆ పాత్రను అక్కడ ఉంచిన రచనకు దండం పెట్టాలి.

చిరంజీవి అభిమానులతో నాకు తెగని తగువు ఒకటుంది. మేనకోడళ్ళ కోసం ఇంద్ర పడే తపన గొప్పదా, అబ్బులు చేసిన ఊడిగం గొప్పదా? వాళ్ళంటారు: "సొంత రక్తానికి చేసేదే ధర్మం." నేనంటాను: సొంతవాళ్ళకు ఎవరైనా చేస్తారు, పరాయి ఇంటి గడపలో తల వంచడానికే గుండె కావాలి. ఈ తగువు తీరదు. తీరకూడదు కూడా.

ఇప్పుడు అందరూ మరిచిపోతున్న సినిమా గురించి. ఎంత చెప్పినా తనివి తీరదు నాకు. 1998లో కృష్ణవంశీ తీసిన "అంతఃపురం". సౌందర్య, ప్రకాశ్ రాజ్, శారద, జగపతిబాబు, సాయికుమార్. ఇళయరాజా సంగీతం. ఫ్యాక్షన్‌ను గుమ్మం బయటి నుంచి కాకుండా వంటింటి లోపలి నుంచి చూపించిన సినిమా అదొక్కటే. విదేశంలో కాపురం చేసుకుంటున్న అమ్మాయి, భర్త వెంట అత్తింటికి వస్తుంది. ఆ ఇల్లు ఎటువంటిదో మనకూ ఆమెతోపాటే తెలుస్తుంది. ఎవరు పిలిస్తే ఎవరు ఉలిక్కిపడతారో, మామగారు జగలి మీదికి వస్తే పడసాలలో మాటలు ఎట్లా తగ్గుతాయో, అన్నీ ఆమె కళ్ళతోనే చూస్తాం. ప్రకాశ్ రాజ్ చేసిన నరసింహ పాత్రను ఆ ఏడాది జాతీయ అవార్డుల న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా ప్రస్తావించారు. సౌందర్యకు నంది వచ్చింది.

అందులో మా ఊళ్ళలో ఏళ్ళ తరబడి నలిగిన ప్రశ్న ఇది. కొడుకు చచ్చిపోయాక నరసింహ మనవణ్ణి వదలనని పట్టుబడతాడు. అది ప్రేమా, పగకు వారసుడు కావాలన్న తహతహా? మగవాళ్ళు చాలామంది ప్రేమే అంటారు. కొడుకు పోయిన తండ్రికి మనవడు తప్ప ఇంకేముందని అడుగుతారు. ఆడవాళ్ళు ఒప్పుకోరు. కొత్తచెరువులో ఒక అత్తగారు, ఇంట్లో టీవీలో ఎన్నిసార్లు వేసినా కదలకుండా కూర్చుని చూసే మనిషి, ఆమె వాదన వేరే. నరసింహ గురించి మాట్లాడటమే దండగ అంటారు. "శారదమ్మను చూడండి. అన్నేండ్లు ఆయప్పకు అన్నం పెట్టింది. ఆ యమ్మ కోడలి పక్కన నిలబడిందంటే, ఆయప్పది ప్రేమ కాదని ఇంట్లో ఉన్నదానికి తెలుసు గాబట్టే." పరిశోధన వ్యాసాలు రాసేవాళ్ళు ఈ మాట విని ఉంటే ఎంత బాగుండు! శారద ఆ సినిమాలో పెద్దగా మాట్లాడదు. చూపులోనే, అడుగులోనే, తల తిప్పుకోవడంలోనే ఆ కాపురమంతా చూపించింది. ఊర్వశి శారద అని ఊరికే అనలేదు.

ప్రపంచంలో ఎక్కడ గొప్ప గ్యాంగ్‌స్టర్ సినిమా ఉన్నా సూత్రం ఇదే. కొప్పోలా 1972లో "ది గాడ్‌ఫాదర్" తీశాడు. తుపాకీతో మొదలుపెట్టలేదు, కూతురి పెళ్ళితో మొదలుపెట్టాడు. పెద్దకొడుకు సన్నీ ఆవేశం, నడిపివాడు ఫ్రెడో చేతకానితనం, చిన్నవాడు మైకేల్ దూరం, చేరదీసి పెంచిన టామ్ హేగన్ విశ్వాసం, అన్నీ ఆ పెళ్ళిపందిట్లోనే పరిచయమవుతాయి. తండ్రి మీద కాల్పులు జరిగినప్పుడు ఫ్రెడో చేతిలోని తుపాకీ జారిపోతుంది. ఆ ఒక్క క్షణం మీద యాభై ఏళ్ళుగా అక్కడి అభిమానులు కొట్టుకుంటున్నారు. మణిరత్నం 1987లో "నాయకన్" తీస్తే మనకది "నాయకుడు"గా వచ్చింది. చివర్లో మనవడు అడిగే ప్రశ్నకు వేలు నాయకర్ దగ్గర జవాబు లేదు. పోలీసులు అడిగితే చెప్పేవాడే, కోర్టు అడిగితే చెప్పేవాడే, మనవడు అడిగితే చెప్పలేకపోయాడు. రామ్‌గోపాల్ వర్మ "గాయం"లో అన్నదమ్ముల బంధం లేకపోతే ఏముంది? న్యూయార్క్ అయినా, బొంబాయి అయినా, బెజవాడ అయినా, ఇంటి లోపలి మనిషి వేసిన ప్రశ్నకే పెద్దమనిషి తడబడతాడు. ఈ సంగతి మావాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

నేర్పక్కర్లేదు కూడా. పెనుకొండ తాలూకాలో ఇది సినిమా కథ మాత్రమే కాదు. పెనుకొండ నుంచి మూడు ఎన్నికల్లో ఎమ్మెల్యేగా గెలిచిన పరిటాల రవి 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యారు. ఆ రోజు మా బస్టాండ్లు, బజార్లు ఎట్లా మూతపడ్డాయో నలభై దాటినవాళ్ళెవరినడిగినా చెబుతారు. ఆ ప్రాంతంలో ఏ వర్గం వైపు చూసినా తండ్రి పోయిన పిల్లలున్నారు, కొడుకు పోయిన తల్లులున్నారు. అందుకే ఇక్కడి ప్రేక్షకుడు తెరమీద రక్తానికి ఈల వేసినా, ఆ తర్వాత ఇంటికి పోయేటప్పుడు "వాని పెండ్లాం గతి ఏమైనాదో చూపించలేదే" అని అడుగుతాడు. ఆ పగల మీదే 2010లో వర్మ "రక్తచరిత్ర" రెండు భాగాలూ వచ్చాయి. మొదటి భాగం నెత్తుటి జాతర. నాకు నచ్చలేదు. రెండో భాగంలో టీవీలో బాంబు పెట్టిన సన్నివేశం, ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న సూరిగా సూర్య ముఖం, అవి మాత్రం మరిచిపోలేను. అక్కడ వర్మ ఇంట్లోకి వచ్చాడు కాబట్టి.

యాస సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. జయప్రకాశ్ రెడ్డి మా పొరుగున అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్ళ మనిషి. బడిపంతులుగా పనిచేశాడు, నాటకాల మనిషి. "అలెగ్జాండర్" నాటకంలో రంగస్థలం మీద తానొక్కడే నిలబడి ఆడిటోరియంను కట్టిపడేశాడు. ఆయన నోట్లో సీమ మాట వెటకారం కాలేదు. వీరభద్రయ్య కూతురితో మాట్లాడేటప్పుడు ఒక గొంతు, పనివాడితో ఒక గొంతు, వియ్యంకుడితో ఒక గొంతు. ఒకే మనిషి ఎదుటివాళ్ళ వరసను బట్టి గొంతు మారుస్తాడు. అది యాస తెలిసినవాడి పని కాదు, ఇల్లు తెలిసినవాడి పని. 2020 సెప్టెంబర్ 8న ఆయన గుంటూరులో పోయారు. ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. "ఒక్కడు"లో ఓబుల్ రెడ్డి తల్లిగా తెలంగాణ శకుంతల చేసిన పాత్ర కూడా ఆ కోవలోదే. కొడుకు ఊరిని వణికిస్తాడు, కొడుకును తల్లి ఎగదోస్తుంది. ప్రకాశ్ రాజ్ ఎంత అరిచినా, ఆ తల్లి పక్కన ఉన్నప్పుడే ఓబుల్ రెడ్డి పూర్తి మనిషిగా కనిపిస్తాడు. ప్రతినాయకుడికి తల్లిని ఇవ్వాలన్న ఆలోచన గుణశేఖర్‌ది. ఎంతమంది దాన్ని అందుకున్నారు?

అందుకోలేదు. నాకు కడుపు మండేది ఇక్కడే. 2002 తర్వాత వచ్చిన నకళ్ళు చూడండి. కత్తులు దొరికాయి, సుమోలు దొరికాయి, కొండారెడ్డి బురుజు దొరికింది. ఇల్లు మాత్రం దొరకలేదు. చెల్లెలు పాత్ర ఉంటుంది, పెళ్ళి పందిట్లో చావడానికే ఉంటుంది. తండ్రి ఫోటో ఉంటుంది, దండ వెయ్యడానికే ఉంటుంది. అమ్మ ఉంటుంది, గుమ్మంలో ఏడవడానికే ఉంటుంది. ఆ మనిషికి ఏం ఇష్టమో, ఎవరితో మాటల్లేవో, ఏ పండక్కి ఎవరు రాలేదో, ఒక్క ముక్క తెలియదు. తెలియని మనిషి చచ్చిపోతే ప్రేక్షకుడు ఎందుకు ఏడవాలి? నా బాలయ్యకు కూడా ఈ దెబ్బ తగిలింది. అదే బి. గోపాల్, అదే బాలకృష్ణ, 2003లో "పల్నాటి బ్రహ్మనాయుడు" తీశారు. తొడ కొడితే రైలు వెనక్కి పోయింది. ఆ సన్నివేశాన్ని ఇప్పటికీ ఫోన్లలో పెట్టుకుని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. అబ్బులును సృష్టించిన చేతులే ఆ పని చేశాయన్న బాధ నన్ను వదలదు. రైలును వెనక్కి పంపే మనిషికి చెల్లెలి పెళ్ళి ఒక కష్టమా? అతనికి భయపడవలసిందేముంది, పోగొట్టుకోవలసిందేముంది? ఈ మాట ఒక బాలయ్య అభిమాని అన్నాడని ఎవరైనా కోప్పడితే కోప్పడనివ్వండి. ప్రేమించినవాడే గట్టిగా అడగాలి.

అంతకుముందు ఏడాదే వి.వి. వినాయక్ "చెన్నకేశవరెడ్డి"లో ఏం చేశాడో గుర్తు చేసుకోండి. చాలా ఏళ్ళ జైలు తర్వాత తిరిగొచ్చిన తండ్రి, పోలీసు అధికారి అయిన కొడుకు. ఇద్దరూ బాలకృష్ణే. మధ్యలో టబు. పగ తీర్చుకోవలసిన తండ్రిది తప్పా, చట్టం పట్టుకున్న కొడుకుది తప్పా అన్నది హిందూపురంలో ఇంకా తేలలేదు. నేను తండ్రి పక్షం. మా తమ్ముడు కొడుకు పక్షం, వాడికి ఉద్యోగం కూడా ప్రభుత్వంలోనే. ఇద్దరమూ ఒప్పుకునేది ఒక్కటే. ఆ ఇంట్లో అన్ని ఏళ్ళూ ఒంటరిగా పిల్లవాణ్ణి పెంచి చట్టం పక్షాన నిలబెట్టిన తల్లి గురించి ఇంకో పది నిమిషాలు చూపించి ఉండాల్సింది. 2022లో ఆ సినిమాను మళ్ళీ థియేటర్లలో వేశారు. 2024లో "ఇంద్ర" వేశారు. కాగితాలు చించి ఎగరేశారు, ఫోన్ల లైట్లు వెలిగించి ఊపారు, డైలాగు వినపడనంతగా అరిచారు. పండగ బాగుంది, కాదనను. కానీ వాల్మీకి నోరు విప్పేటప్పుడు హాలు నిశ్శబ్దంగా ఉండాలి. మొదటిసారి విడుదలైనప్పుడు ఉండింది. కొత్త కుర్రాళ్ళు ఆ క్షణాన్ని వినకుండానే ఇంటికి వెళ్ళిపోతున్నారంటే నాకు ప్రాణం పోయినట్టుంటుంది.

అంతా చీకటి అననులెండి. రాజమౌళి 2010లో "మర్యాద రామన్న" తీశాడు. బస్టర్ కీటన్ 1923లో తీసిన "అవర్ హాస్పిటాలిటీ" దానికి మూలమని అందరికీ తెలుసు. కానీ ఇంటి గడప లోపల రక్తం చిందకూడదన్న ఆ నియమం మన సీమలో ఎంత సహజంగా ఒదిగిపోయింది! గడప లోపల అతిథి, గడప దాటితే శత్రువు. నాగినీడు చేసిన రామినీడు ఆ అతిథికి కొసరి కొసరి వడ్డిస్తాడు. ఆ వడ్డనలో ఉన్న భయం వంద వేటకొడవళ్ళలో లేదు. 2018లో త్రివిక్రమ్ "అరవింద సమేత" తీశాడు. పెంచల్ దాస్ సాయంతో సీమ పలుకు సరిచూసుకున్నాడు. ఇంటి ఆడవాళ్ళను కథ మధ్యలోకి తెచ్చాడు. ఐదు రూపాయల పేకాట దగ్గర మొదలైన పగ. జగపతిబాబు బసిరెడ్డిని చూస్తుంటే "అంతఃపురం"లోని సారాయి వీర్రాజు ఇంత ముదిరాడా అనిపించింది. అందులో జేజి మాటలు విని మా పక్కింటావిడ, తన జేజి గుర్తొచ్చి సినిమా సగంలోనే కన్నీళ్ళు పెట్టుకుంది. 2023లో "వీరసింహారెడ్డి"లో సవతి చెల్లెలి పగను వరలక్ష్మి మోసిన తీరు నాకు నచ్చింది. పోరాటాలు తగ్గించి ఆ అన్నాచెల్లెళ్ళ చిన్నతనానికి చోటిచ్చి ఉంటే అది "సమరసింహారెడ్డి" పక్కన నిలిచేది.

కొత్తగా రాసేవాళ్ళకు నా మనవి ఒకటే. కర్నూలు బురుజు దగ్గర నాలుగు డ్రోన్ షాట్లు తీసుకుని వెళ్ళిపోకండి. ఒక నెల ఇటు రండి. ధర్మవరం మగ్గాల సందుల్లో కూర్చోండి, బుక్కపట్నం చెరువు కట్ట మీద కూర్చోండి, కొత్తచెరువు కూడలిలో టీ తాగండి. మీ హీరో ఇంట్లో పెద్దదిక్కెవరో, ఆ పెద్దదిక్కు ఎవరికి భయపడుతుందో, పగవాడి ఇంట్లో పిల్లకు పెళ్ళయితే వీళ్ళింట్లో ఆ రోజు పొయ్యి ఎట్లా వెలుగుతుందో మావాళ్ళను అడగండి. అందరూ చెబుతారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. ఆ ఇద్దరి మాటా రాసుకోండి, ఆ తర్వాతే సుమోలకు అడ్వాన్సు ఇవ్వండి.